ఏసీపీ ప్రద్యుమ్న్ పోయాడు... మళ్ళీ వచ్చాడు! మరి మన కన్నీళ్ళ సంగతేమిటి?

శ్రీరామనవమి ముందురోజు రాత్రి. వంటింట్లో పని ఇంకా తెమల్లేదు. పొద్దున్నే పానకం, వడపప్పు, చలిమిడి చెయ్యాలి. పళ్ళెంలో పెసరపప్పు పోసుకుని రాళ్ళేరుతూ, మధ్యమధ్యలో మిరియాలు, ఏలకులు దంచుకుంటూ... ఒక చెవి మాత్రం హాల్లోనే పారేసి ఉంచాను. గడియారం పది కొట్టింది. పరిచయమైన ఆ సంగీతం వినబడింది. అంతే! పప్పు పళ్ళెం చేత్తో పట్టుకునే వచ్చి టీవీ ముందు కూలబడ్డాను.

అప్పటికే పక్కింటి మామ్మ వచ్చి కూర్చుంది. ఆవిడకి హిందీ ముక్క రాదు. అయినా 'సీఐడీ' మాత్రం వదలదు. హంతకుడెవరో మా అందరికంటే ముందే చెప్పేస్తుంది. "మాటలెందుకమ్మా, ఆడి మొకం సూడు. నీల్లు తాగుతున్నప్పుడు గుటక పడ్నేదు" అంటుంది. చాలాసార్లు ఆవిడ చెప్పిందే నిజమవుతుంది కూడా!

2025 ఏప్రిల్ 5, 6 తేదీలు. శని, ఆదివారాలు. ఆదివారమే నవమి. మా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థంలో నవమి సందడి ఎలా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరంతా పండగ హడావుడిలో ఉంటే, ఆ వారాంతంలోనే టీవీ వాళ్ళు మనింటి పెద్దాయన్ని ఒకాయన్ని చంపేశారు! అదేనండీ, ఏసీపీ ప్రద్యుమ్న్‌ని.

"ఓలమ్మా! సంపేసేరేటే!" అంది మామ్మ. ఆ మాటకి మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఇరవై ఏళ్ళ చుట్టరికం

సీరియల్లో ఒక మనిషి పోతే ఇంత బాధెందుకు అని శ్రీవారు విసుక్కోవచ్చు. కానీ ఈ చుట్టరికం ఇవాళ్టిది కాదు కదా! 'సీఐడీ' మొదటి ఎపిసోడ్ సోనీ టీవీలో వచ్చింది 1998 జనవరి 21న. ఆగిపోయింది 2018 అక్టోబర్ 27న. మొత్తం 1547 ఎపిసోడ్లు. ఆ ఇరవై ఏళ్ళలో మన ఇళ్ళల్లో ఎన్ని జరిగాయి! ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, మగపిల్లలు ఉద్యోగాలకని ఊళ్ళు దాటారు, అత్తగార్లు మామగార్లు పెద్దవాళ్ళయిపోయారు, డబ్బా టీవీలు పోయి గోడకి తగిలించే టీవీలొచ్చాయి. ఇవన్నీ మారినా, చెయ్యి గాల్లో తిప్పుతూ "ఏదో తేడాగా ఉంది" అనే ఆ ఏసీపీ మాత్రం మారలేదు. "దయా, తలుపు పగలగొట్టు" అంటే ఒక్క తన్నుతో తలుపు ఊడగొట్టే దయా మారలేదు. అనుమానంగా కళ్ళు చిన్నవి చేసి చూసే అభిజీత్ మారలేదు. శవం పక్కన నిలబడి ఏసీపీతో పోట్లాడే డాక్టర్ సాలుంఖే మారలేదు.

అంతకుముందు మనకి నేర పరిశోధన సీరియళ్ళు లేవని కాదు. దూరదర్శన్ రోజుల్లో 1985లో 'కరంచంద్' వచ్చింది. క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చే పంకజ్ కపూర్‌ని మర్చిపోగలమా? 1993లో బాసు చటర్జీ తీసిన 'బ్యోమకేష్ బక్షి' వచ్చింది. రజిత్ కపూర్ పంచె కట్టుకుని ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడో! ఒక కేసులో అన్నగారి మీద పడ్డ హత్యానేరం నుంచి బయటపడేసి, ఆ చెల్లెలు సత్యవతినే పెళ్ళాడతాడు ఆయన. ఆ తర్వాత కథల్లో ఇంట్లో ఓ ఇల్లాలు ఉంటుంది, టీ కప్పులుంటాయి, అలకలుంటాయి. అందుకే ఆ సీరియల్ మన ఆడవాళ్ళకి అంత నచ్చింది.

ఏసీపీ ప్రద్యుమ్న్‌కి ఆ ఇల్లు లేదు. ఆయనకున్న ఇల్లల్లా ఆఫీసే. ఒక్కగానొక్క కొడుకు నకుల్ చెడుదారిన పడితే, సొంత చేత్తోనే కాల్చి చంపిన తండ్రి ఆయన. ఆ కథ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పట్నుంచీ ఆయన నవ్వినా అందులో ఏదో బరువు కనిపిస్తూనే ఉండేది. ఆ పాత్ర వేసిన శివాజీ సాటమ్ గారు ఒకప్పుడు బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసిన మనిషట. అందుకేనేమో, ఆయన్ని చూస్తే హీరోని చూసినట్టు ఉండదు. మన వీధి చివరింట్లో ఉండే పెద్దమనిషిని చూసినట్టే ఉంటుంది.

ఆ వారాంతంలో ఏం జరిగిందంటే...

ఆరేళ్ళ విరామం తర్వాత, 2024 డిసెంబర్ 21న 'సీఐడీ' మళ్ళీ మొదలైంది. శని, ఆదివారాల్లో రాత్రి పదింటికి. వస్తూ వస్తూనే మనకో షాకిచ్చారు. ప్రాణానికి ప్రాణంగా ఉండే దయా, అభిజీత్‌లని బద్ధశత్రువుల్ని చేసేశారు! అన్నదమ్ములు విడిపోతే ఇల్లెలా ఉంటుందో అలా అయింది ఆ ఆఫీసు. వాళ్ళిద్దర్నీ మళ్ళీ కలపడానికి పెద్దాయన పడ్డ అవస్థ చూసి, కొడుకుల మధ్య నలిగే తండ్రులు గుర్తొచ్చారు చాలామందికి.

ఆ తర్వాత వచ్చాడు బార్బోసా. సీఐడీ జట్టు మీద పగబట్టిన దుర్మార్గుడు. ఈ పాత్ర వేసింది తిగ్మాంశు ధూలియా. ఈయన అసలు దర్శకుడు, 'పాన్ సింగ్ తోమర్' సినిమా తీసిన ఆయన. 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్'లో రామాధీర్ సింగ్‌గా నటించిందీ ఈయనే. అరుపుల్లేవు, కళ్ళురమటాల్లేవు. పెళ్ళివారితో కట్నం మాట్లాడినంత నింపాదిగా చావుల గురించి మాట్లాడతాడు. నిజం చెప్పొద్దూ, నాకు వెన్నులోంచి చలి పుట్టింది.

వాడు జట్టు మొత్తాన్నీ మట్టుపెట్టడానికి బాంబు పెడతాడు. మిగతా అందరూ బతికి బయటపడతారు. పెద్దాయన ఒక్కడే పోయాడని చూపించారు. సోనీ వాళ్ళు ఆయన ఫోటో వేసి, 1998 నుంచి 2025 వరకు అని తేదీలు కూడా రాసి నివాళి ప్రకటించారు. అచ్చం మన పేపర్లలో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలాగే!

ఇంకేముంది? దేశమంతా గగ్గోలు. తర్వాత పార్థ్ సమథాన్ అనే కుర్ర నటుణ్ణి ఏసీపీ ఆయుష్మాన్‌గా ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్రాడు చక్కగానే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తండ్రి పోయిన నెల తిరక్కుండానే ఆయన పడక్కుర్చీలో ఇంకెవరో కూర్చుంటే మనకెలా ఉంటుంది? ప్రేక్షకులకీ అలాగే ఉంది. కొన్ని వారాలు గడిచాయో లేదో, ఏసీపీ ప్రద్యుమ్న్ చావలేదంటూ మళ్ళీ తీసుకొచ్చేశారు!

బాగున్నదేమిటి? బాగోలేనిదేమిటి?

ముందు బాగున్నది చెప్పుకుందాం. ఇన్నేళ్ళ 'సీఐడీ'లో చావంటే అర్థం ఏమిటి? ఒక చిక్కుముడి. శవం దొరకడం, జేబులో ఓ కాగితం ముక్క దొరకడం, ల్యాబులో రంగునీళ్ళు కలపడం, ఎవడో ఒకడి చెంప ఛెళ్ళుమనడం, వాడు నిజం కక్కడం. నలభై నిమిషాల్లో ముడి విడిపోతుంది, మనం లేచి పాలు తోడుపెట్టుకోవడానికి వెళ్ళిపోతాం. కానీ ఈసారి ముడి సంగతి పక్కన పెట్టి, మనిషి పోవడం గురించి చూపించారు. తలుపులు తన్నే దయా చేతులు వేలాడేసి నిలబడిపోయాడు. మాటకి మాట అంటించే సాలుంఖే గొంతు పూడుకుపోయింది. ఎవరితో పోట్లాడాలిక ఆయన? రోజూ పోట్లాడుకునే మొగుడూపెళ్ళాల్లో ఒకరు పోతే, రెండోవాళ్ళ పరిస్థితి ఎలా ఉంటుందో అది!

నటన సంగతికొస్తే, డెబ్భై అయిదేళ్ళు నిండవస్తున్న వయసులో శివాజీ సాటమ్ గారు కళ్ళతోనే చేశారు. వేలు తిప్పడాలు, అరవడాలు బాగా తగ్గించారు. అదీ నచ్చింది.

ఇహ బాగోలేనిది. మొదటిది, ఆ ఎపిసోడ్ ఇంకా రాకముందే "ఏసీపీ చనిపోతున్నాడహో" అని ఊరూవాడా చాటింపయిపోయింది. చచ్చేవాడి ముందు కూర్చుని గంటలు లెక్కపెట్టినట్టయింది చూసేవాళ్ళకి. నేర కథకి ప్రాణం ఏమిటి? తర్వాతేమవుతుందో తెలియకపోవడమే కదా!

రెండోది, బాంబు. ఇరవై ఏళ్ళు బుర్రతో కేసులు తేల్చిన మనిషిని చంపడానికి బుర్రకి సంబంధించిన ఎత్తే దొరకలేదా? ఇదే సీరియల్ వాళ్ళు 2004 నవంబర్ 7న నూట పదకొండు నిమిషాల కథని ఎక్కడా కట్ చెప్పకుండా ఒకే షాట్‌లో తీసి చూపించారు. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. కెమెరా ఆపకుండా అంతసేపు కథ నడపాలంటే ఎంత ముందుచూపు ఉండాలి! పదిమంది భోక్తలున్న రోజున ఒక్కచేత్తో వంట చేసిన ఇల్లాలికి తెలుస్తుంది ఆ కష్టం. ఉప్పు ఎక్కువైతే మళ్ళీ మొదట్నుంచీ వండుతామంటే కుదరదుగా! బి.పి.సింగ్ గారి జట్టుకి అంత పనితనం ఉందని మనకి తెలుసు. తెలిసినవాళ్ళు కాబట్టే ఇంకాస్త ఆశిస్తాం.

మూడోది, అన్నిటికంటే పెద్దది... చంపి, ఏడిపించి, మళ్ళీ తీసుకురావడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

శవానికీ ఓ అమ్మ ఉంటుంది

పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు అన్నాం కదా. ఎపిసోడుకి ఒక్క శవం చొప్పున వేసుకున్నా పదిహేను వందల పైచిలుకు శవాలు. సూట్‌కేసులో శవం, ఫ్రిజ్‌లో శవం, బావిలో శవం, పెళ్ళిపందిట్లో శవం. అందులో మీకు ఎంతమంది పేర్లు గుర్తున్నాయి? నాకైతే ఒక్కటీ గుర్తులేదు. హంతకులెవరో కొందరు గుర్తున్నారు, హతులు మాత్రం గుర్తులేరు!

ఆ శవానికి ఓ తల్లో పెళ్ళామో ఉన్నట్టు అప్పుడప్పుడు చూపిస్తారు. ఒక్క నిమిషం ఏడుస్తుంది. వెంటనే అభిజీత్ "నిన్న రాత్రి పదకొండింటికి మీరెక్కడున్నారు?" అని అడుగుతాడు. ఆవిడ కన్నీళ్ళు కూడా అనుమానించదగ్గవే! ఆ కథ అయిపోయాక ఆవిడేం చేసింది? ఇంటద్దె ఎవరు కట్టారు? పిల్లల్ని ఎవరు చదివించారు? అది సీరియల్ వాళ్ళకి అక్కర్లేదు. నేరం తేలిపోవడంతో వాళ్ళ కథ అయిపోతుంది. మనబోటి వాళ్ళ కథ మొదలయ్యేది మాత్రం అక్కడ్నుంచే.

మా నెల్లిమర్లకి ఆ సంగతి బాగా తెలుసు. 1994 జనవరి 29న ఇక్కడి రైల్వేస్టేషన్ దగ్గర ఆందోళన చేస్తున్న జూట్‌మిల్లు కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. అయిదుగురు పోయారు. పేపర్లలో ఆ వార్త ఎన్నాళ్ళుంటుంది? ఓ వారం, మహా అయితే ఓ నెల. కానీ ముప్ఫై ఏళ్ళు దాటినా ఈ ఊళ్ళో జనవరి 29 అంటే మామూలు తారీఖు కాదు. చనిపోయినవాళ్ళు ఎవరికో కొడుకులు, ఎవరికో భర్తలు, ఎవరికో నాన్నలు. ఆ ఇళ్ళల్లో ఆ రోజు ఇంకా అయిపోలేదు.

అందుకే ఏసీపీ చావుకి ఆ జట్టు ఏడుస్తుంటే నాకు ఒక మంచి ఆలోచన వచ్చింది. 'ఆహా! ఇన్నాళ్ళకి ఈ సీరియల్‌కి చావంటే ఏమిటో తెలిసొచ్చింది. ఇకనుంచి ప్రతి శవం వెనకా ఓ ఇల్లుంటుందని గుర్తుపెట్టుకుంటారు' అనుకున్నాను. ఎక్కడా? నాలుగు వారాలకే మళ్ళీ పాత పాటే!

ఫ్రెడీ మాత్రం రాలేదు

ఇంకో మాట. ఈ సీరియల్‌లో అందర్నీ నవ్వించే ఫ్రెడరిక్స్ గుర్తున్నాడు కదూ? దెయ్యాలంటే భయపడేవాడు, పెళ్ళాం పేరెత్తితే వణికిపోయేవాడు. మా ఇంట్లో పిల్లలకి వాడంటే ఎంత ఇష్టమో! ఆ పాత్ర వేసిన దినేష్ ఫడ్నిస్ గారు 2023 డిసెంబర్ 5న ముంబైలో కన్నుమూశారు. ఆయనకి యాభై ఏడేళ్ళు. ఆ తర్వాత ఏడాదికి సీరియల్ మళ్ళీ మొదలైనప్పుడు జట్టంతా వచ్చింది, ఆయన తప్ప.

చూడండి, ఎంత తేడానో! కథలో పోయిన ఏసీపీ కొన్ని వారాలకే తిరిగొచ్చాడు. నిజంగా పోయిన ఫ్రెడీ ఏ రచయిత రాసినా తిరిగి రాడు. అసలు చావు రుచి చూసిన ఆ జట్టే, చావుతో ఇలాంటి ఆట ఆడడం నాకు అర్థం కాలేదు. చూసేవాళ్ళు ఎక్కువవ్వాలనే ఆత్రం ఉండొచ్చు, కాదనను. వ్యాపారం వ్యాపారమే. కానీ ఇరవై ఏళ్ళు తమతో కూర్చుని అన్నం తిన్న ప్రేక్షకుల దగ్గర దొంగ కన్నీళ్ళు వసూలు చెయ్యడం న్యాయమేనా?

మన మండలానికీ వచ్చింది సీఐడీ!

నవ్వకండి, నిజమే. 2020 డిసెంబర్ చివర్లో రామతీర్థం బోడికొండ మీది కోదండరామాలయంలో రాములవారి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేశారు. ఈ ప్రాంతంలో ఆ వార్త విని ఏడవని ఆడది లేదు. ప్రభుత్వం ఆ కేసుని రాష్ట్ర సీఐడీకి అప్పగించింది. అప్పుడు మా వీధిలో ఓ చిన్నపిల్లాడు "మనూరికి దయా వస్తాడా? కొండమీద గుడి తలుపు తన్నుతాడా?" అని అడిగాడు. అంత బాధలోనూ నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే వాడి తప్పేముంది? సీఐడీ అంటే వాడికి తెలిసింది అదొక్కటే.

అసలు సీఐడీ అలా ఉండదు కదా. అది రాష్ట్ర పోలీసుల్లో ఒక విభాగం. ప్రభుత్వం అప్పగించిన కేసుల్ని చూస్తుంది. కాగితాలు, వాంగ్మూలాలు, ల్యాబు నివేదికలు, వాయిదాలు... అంతా నెమ్మదిగా సాగే పని. మన ఊళ్ళో మాత్రం గాయం మానడానికి ఇంకో దారి దొరికింది. కొండ మీద ఆలయాన్ని రాతితో మళ్ళీ కట్టారు. 2022 ఏప్రిల్లో కొత్త విగ్రహాలకి ప్రతిష్ఠ జరిగింది. పోయినదాన్ని తిరిగి నిలబెట్టుకోవడం అంటే అదీ! దానికి ఏడాదికి పైగా పట్టింది, ఎందరి చెమటో పట్టింది. ఒక్క ఎపిసోడ్‌లో అయిపోలేదు.

టీవీలో అలా... నిజంలో ఇలా!

సీరియల్ చూసి పోలీసుల గురించి, చట్టం గురించి మనం చాలా అపోహలు పెట్టుకుంటాం. అవసరం పడినప్పుడు ఆ అపోహలే మన కొంప ముంచుతాయి. అందుకని ఈ నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకోండి. కావాలంటే కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకోండి.

• టీవీలో చెంపదెబ్బ పడగానే నేరస్థుడు ఒప్పేసుకుంటాడు, కేసు అయిపోతుంది. నిజంలో పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. సాక్ష్యాధారాలతో నేరం రుజువు కావాల్సిందే.

• టీవీలో డాక్టర్ సాలుంఖే శవాన్ని చూస్తూనే ఏ విషమో చెప్పేస్తారు. నిజంలో పోస్టుమార్టం చేసిన డాక్టరు లోపలి భాగాలని సీసాల్లో పెట్టి ఫోరెన్సిక్ ల్యాబుకి పంపించాలి. నివేదిక రావడానికి రోజులు కాదు, వారాలు పట్టొచ్చు.

• టీవీలో ఆడవాళ్ళని ఏ వేళకైనా ఆఫీసుకి పిలిపించి ప్రశ్నిస్తారు. నిజంలో సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళని వాళ్ళుండే ఇంటి దగ్గరే విచారించాలి. తమంతట తాము ఇష్టపడితే తప్ప స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు. పొద్దుగూకాక, తెల్లవారేలోగా ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో అయితే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని, మహిళా పోలీసు అధికారే చెయ్యాలి.

• 'మా పరిధి కాదు' అన్న మాటకి భయపడక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

• పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానించాల్సిన రీతిలో చనిపోయినా పోస్టుమార్టం జరగాల్సిందే. 'పరువు పోతుంది, కానిచ్చేద్దాం' అనే చుట్టాల మాట వినకండి.

• టీవీలో పోయాడనుకున్న మనిషి వారాల్లో తిరిగొస్తాడు. నిజంలో ఒక మనిషి కనిపించకుండా పోతే, ఏడేళ్ళపాటు అయినవాళ్ళెవరికీ కబురు తెలియకపోతేనే చట్టం అతను లేడని భావిస్తుంది. ఆ ఏడేళ్ళూ ఇన్సూరెన్సు, పింఛను లాంటివాటి కోసం ఇల్లాలు కాళ్ళరిగేలా తిరగాల్సి వస్తుంది. అందుకని మనిషి కనబడకపోతే 'వస్తాడులే' అని ఊరుకోకుండా వెంటనే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితం జాగ్రత్త చేసుకోవాలి.

• ఆపదలో ఉంటే 112కి, ఆడవాళ్ళకి సాయం కావాలంటే 181కి ఫోన్ చెయ్యండి. మీ డబ్బు ఫోన్లో ఎవరైనా మోసం చేసి కాజేస్తే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పండి.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే...

'ఇలాంటివి పిల్లలు చూడొచ్చా?' అని అడిగే తల్లులున్నారు. రాత్రి పది తర్వాత చిన్నపిల్లల్ని ఏ సీరియల్ ముందైనా కూర్చోబెట్టడం మంచిది కాదు, వాళ్ళకి నిద్ర ముఖ్యం. కాస్త ఎదిగిన పిల్లలైతే వద్దంటే ఫోన్లో చూస్తారు. దానికంటే మన పక్కన కూర్చుని చూడటమే నయం.

అయితే చూసి లేచి వెళ్ళిపోకుండా ఒక్క ప్రశ్న అడగండి. 'హంతకుడెవరు?' అని కాదు. అది వాళ్ళే చెబుతారు. 'ఆ పోయిన మనిషి వాళ్ళింట్లో ఇప్పుడు ఏం జరుగుతూ ఉంటుంది?' అని అడగండి. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగితే పెద్దాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళమ్మ ఇంకా ఫోన్ చేస్తూ ఉంటుందేమో" అన్నాడు. నాకంతకంటే ఏం కావాలి? తెలివితేటలు టీవీ నేర్పుతుంది, జాలి మాత్రం మనమే నేర్పాలి.

చివరిగా...

మొత్తం మీద ఆ వారాంతపు కథకి మార్కులెయ్యమంటే నేను పదికి ఆరు వేస్తాను. నటనకి మూడు, బార్బోసాకి రెండు, కంటతడికి ఒకటి. మిగతా నాలుగూ ఎందుకు కోసేశానో చెప్పేశాను కదా!

ఏసీపీ తిరిగొచ్చిన సంగతి మామ్మకి నేనే చెప్పాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మామ్మ పెద్దకొడుకు కుర్రతనంలోనే జ్వరంతో పోయాడు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ గుమ్మం పైన ఉంటుంది. సంతోషిస్తుందనుకుని "మామ్మా! మీ ఏసీపీ చచ్చిపోలేదట. మళ్ళీ వచ్చేశాడు" అన్నాను.

మామ్మ ఓసారి తలెత్తి నవ్వింది. "వచ్చీసేడా? అదురుస్టవంతుడమ్మా ఆడు" అంది. ఇంకో రెండు పిక్కలు తీసి పళ్ళెంలో వేసింది. తర్వాత గుమ్మం వైపు చూస్తూ, నాతో అన్నట్టు కాకుండా అంది:

"మా ఇంట్లోంచి ఎల్లిపోనోడు... ఒక్కనాడు కూడా రానేదు."

ఈసారి శనివారం మామ్మ మళ్ళీ వచ్చింది. పదింటికి ముందే వచ్చి కూర్చుంది. శవం కనబడింది. అభిజీత్ ప్రశ్నలు మొదలెట్టాడు. మామ్మ మాత్రం హంతకుడి కోసం వెతకలేదు. "ఈ గుంటడికి అమ్మ ఉందేటో... ఎవులైనా కబురెట్టారో నేదో" అంది. నేను లేచెళ్ళి ఆవిడకి ఓ గ్లాసు మజ్జిగ తెచ్చిచ్చాను.